తూనికల ఇన్‌స్పెక్టర్ పోస్టు కాదు నాన్నా: ఎన్‌పీఎల్‌లో నా పోస్ట్‌డాక్ అనుభవం

"ఇంతకీ ఢిల్లీలో నువ్వు చేసేదేంట్రా?" అని నాన్న ఫోన్లో అడిగితే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నాళ్లు చేసే పరిశోధన ఉద్యోగం), ఫెలోషిప్, నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ (ఎన్‌పీఎల్) అని మొదలుపెట్టి, ఆయనకు ఎక్కట్లేదని అర్థమై, చివరికి "తూనికలు కొలతల పని నాన్నా" అన్నాను. అటు పక్క కాసేపు చప్పుడు లేదు. "అంటే ఇన్‌స్పెక్టర్ పోస్టా?" అన్నాడు. మాది ఖమ్మం దగ్గర చిన్న కిరాణా కొట్టు. కాటా రాళ్లకు గడువు దాటకముందే ముద్ర వేయించుకోవడం, ఆ కాగితం గల్లాపెట్టె మీద అద్దంలో పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. తూనికలు కొలతల శాఖ వాళ్లు వస్తున్నారంటే బజారంతా ఒక్కసారిగా నిటారుగా కూర్చునేది. తన కొడుకే ఆ శాఖలో చేరాడనుకుని నాన్న రెండు రోజులు బజారంతా చెప్పుకున్నాడు. కాదని తర్వాత చెప్పాను కానీ పెద్దగా నమ్మలేదు.

మెటీరియల్స్‌లో (పదార్థ శాస్త్రంలో) పీహెచ్‌డీ అయిపోవచ్చిన జూనియర్లు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు, ప్రభుత్వ ల్యాబుల్లో పోస్ట్‌డాక్ ఎలా దొరుకుతుంది, కొలతల ల్యాబ్ అంటే బోర్ కొట్టదా అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసేస్తున్నాను.

నాది థర్మోఎలక్ట్రిక్స్, అంటే ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం ఉంటే కరెంటు పుట్టించే పదార్థాలు. ఐదేళ్లు బిస్మత్ టెల్యురైడ్ అనే అలాంటి పదార్థంలో రకరకాల డోపింగులు చేసి, అంటే వేరే మూలకాలు కొంచెం కొంచెం కలిపి, అది వేడిని ఎంత బాగా కరెంటుగా మారుస్తుందో చెప్పే జెడ్‌టీ అనే ఒక అంకెను పైకి లాగడమే నా పని. మా ఫీల్డ్‌లో అందరి పనీ అదే. 2021 మొదట్లో థీసిస్ సబ్మిట్ చేసేనాటికి నా దగ్గర 1.42 అనే జెడ్‌టీ, రెండు పేపర్లు, సగం మిగిలిన ఫెలోషిప్ బకాయిలు ఉన్నాయి.

మొదట అందరిలాగే అమెరికా వైపు చూశాను. గైథర్స్‌బర్గ్‌లో నిస్ట్ అనే వాళ్ల ప్రభుత్వ కొలతల సంస్థ ఉంది, అక్కడ అప్పట్లో ఎన్ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) పోస్ట్‌డాక్ అని మంచి పేరున్న స్కీమ్ ఉండేది, రెండేళ్లు, సొంత ప్రపోజల్ రాసుకోవచ్చు, ఫిబ్రవరి 1, ఆగస్టు 1 అని ఏడాదికి రెండు గడువులు. సలహాదారుల జాబితా, వాళ్ల టాపిక్‌లు అన్నీ చదివి నోట్సు కూడా రాసుకున్నాక అర్హతల పేజీ తెరిచాను, నిస్ట్‌లో అది అమెరికా పౌరులకు మాత్రమే. అర్హతలు ముందు చదవాలనే బుద్ధి నాకు ఎంసెట్ నాటి నుంచీ లేదు. అక్కడ పీహెచ్‌డీ చేసిన మా సీనియర్ అక్క ఒకావిడ మరో దారి చెప్పింది. అక్కడి యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌గా చేరి, ఆ ఒప్పందం కింద నిస్ట్‌కు గెస్ట్ రీసెర్చర్‌గా వెళ్లేవారట అప్పట్లో మనవాళ్లు, సెక్యూరిటీ పరిశీలనకు టైమ్ పట్టేదట కానీ దారైతే ఉండేదట. కోవిడ్ సమయం, వీసా స్లాట్లు లేవు, నాకు ఓపిక లేదు. జపాన్‌లో సుకుబాలో ఉన్న నిమ్స్‌కు (మన ఆసుపత్రి కాదు, వాళ్ల మెటీరియల్స్ పరిశోధన సంస్థ) విదేశీయులు కూడా పెట్టుకోవచ్చు, అక్కడికి అప్లై చేశాను, రాలేదు. జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీ కూడా మెటీరియల్స్ వాళ్లు చూడదగ్గదే, నేను అంతదాకా వెళ్లలేదు.

ఇక మన దగ్గర. ఎన్‌పీఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ పరిశోధన ల్యాబులను నడిపేది సీఎస్ఐఆర్, ఆ ల్యాబుల్లో రీసెర్చ్ అసోసియేట్ ఒక దారి, అప్పట్లో మొదటి స్థాయికి నెలకు 47,000, 2023లో అది 58,000 అయింది. రెండోది పరిశోధనలకు కేంద్రం తరఫున డబ్బిచ్చే ఎస్ఈఆర్‌బీ వాళ్ల నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, అందరూ ఎన్‌పీడీఎఫ్ అంటారు. రెండేళ్లు, అప్పట్లో నెలకు 55,000, పైన హెచ్ఆర్ఏ, ఏడాదికి 2 లక్షల రీసెర్చ్ గ్రాంట్. వయసు 35 దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు, మహిళలకు సడలింపు ఉంది. ఇప్పుడు ఈ స్కీమ్ ఎస్ఈఆర్‌బీ స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ కిందకు మారింది కాబట్టి అంకెలు తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి, నావి పాతవి. నాకు రెండోదే నచ్చింది, ఎందుకంటే ఆ గ్రాంటు మన పేరు మీద వస్తుంది. రెండు లక్షలకు మెటీరియల్స్‌లో ఏమొస్తుంది అని మీరు నవ్వొచ్చు, నేనూ తర్వాత నవ్వాను.

ఎన్‌పీడీఎఫ్‌కు పోటీ ఉందని, ప్రపోజల్ గట్టిగా ఉండాలని అందరూ చెబుతారు. నా లెక్కలో అసలు గేటు అంతకు ముందే ఉంది, మనల్ని తీసుకుంటానని ఒక సైంటిస్ట్ ఒప్పుకోవడం. నేను 11 మందికి మెయిల్ పెట్టాను. అందరికీ ఒకటే మెయిల్, "రెస్పెక్టెడ్ సర్/మేడమ్" అని మొదలయ్యేది, కింద ఆరు పేజీల సీవీ. అందులో ఒకదాంట్లో ల్యాబ్ పేరు మార్చడం మర్చిపోయి హైదరాబాద్ ల్యాబ్ వాళ్లకు "మీ చెన్నై ల్యాబ్‌లో చేరాలని నా చిరకాల కోరిక" అని పంపాను. ముగ్గురు జవాబిచ్చారు. వాళ్లలో ఒకావిడ ఎన్‌పీఎల్‌లో థర్మోఎలక్ట్రిక్ కొలతల మీద పనిచేసే సీనియర్ సైంటిస్ట్, నేను ఇప్పటికీ మేడమ్ అనే అంటాను.

నా మొదటి ప్రపోజల్ డ్రాఫ్ట్‌కు మేడమ్ నుంచి వచ్చిన జవాబు రెండే వాక్యాలు. "ఈ పని ఏ యూనివర్సిటీలోనైనా చేయొచ్చు. మా దగ్గరే ఎందుకు చేయాలి?" రోజంతా కోపంగా ఉంది. సాయంత్రం చాయ్ తాగుతూ మళ్లీ చదివితే ఆవిడ మాట నిజమే. కొత్త డోపింగ్, ఇంకొంచెం జెడ్‌టీ అని రాశాను, కొలత అనే మాట "క్యారెక్టరైజేషన్" అని ఒక్క పేరాలో ఉంది, అదీ పరికరాల పేర్ల జాబితా. ఎన్‌పీఎల్ దేశానికి కొలమానాలు ఉంచుకునే చోటు. 1947 జనవరిలో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1950 జనవరిలో పటేల్ ప్రారంభించారు, కె.ఎస్. కృష్ణన్ తొలి డైరెక్టర్. ప్లాటినం ఇరిడియంతో చేసిన మన దేశపు కిలోగ్రాము బిళ్ల, 57వ నంబరుది, ఉండేదీ అక్కడే, మన దేశపు టైమ్ వచ్చేదీ అక్కడి నుంచే. అలాంటి చోటికి వెళ్లి నేను ఇంకో డోపింగ్ చేస్తానంటే, దేవుడి పెళ్లికి వెళ్లి పులిహోర ప్యాకెట్టు గురించి అడిగినట్టు ఉంది.

తిరిగి రాశాను. సీబెక్ కోఎఫిషియెంట్‌ను, అంటే ఒక డిగ్రీ తేడాకు ఎన్ని మైక్రోవోల్టులు పుడతాయో దాన్ని, జాతీయ ప్రమాణాలతో ముడిపడేలా కొలిచే పద్ధతి ఏర్పాటు చేయడం, ఎంత అనిశ్చితి ఉందో, అంటే కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో లెక్క కట్టడం, తర్వాత మన దగ్గరే ఒక రిఫరెన్స్ నమూనా, అంటే పరికరాలను సరిచూసుకోవడానికి విలువ ముందే తేల్చి పెట్టిన ముక్క, చేయడానికి వీలవుతుందేమో చూడటం. నిస్ట్ వాళ్లు సీబెక్ కోసం 3451 అనే నంబరుతో ఒక రిఫరెన్స్ మెటీరియల్ అమ్ముతారు, చిత్రం ఏంటంటే అదీ బిస్మత్ టెల్యురైడే. ఎన్‌పీఎల్ వాళ్లు భారతీయ నిర్దేశక్ ద్రవ్య అని, బీఎన్‌డీ పేరుతో మన సొంత రిఫరెన్స్ మెటీరియల్స్ తెస్తున్నారు, 9999 స్వచ్ఛత బంగారానిది బీఎన్‌డీ 4201. మన హైదరాబాద్‌లో కూడా బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల ఎన్‌సీసీసీఎం అని, పదార్థాల్లో ఏమేం ఎంతెంత ఉన్నాయో తేల్చే ఒక కేంద్రం ఉంది, బాక్సైట్‌కు సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ తెచ్చింది వాళ్లే. ఐదేళ్లు హైదరాబాద్‌లో మెటీరియల్స్ చదివి నేను ఆ పేరు మొదటిసారి విన్నది ఈ ప్రపోజల్ రాస్తున్నప్పుడే.

ప్రపోజల్ అయ్యాక సంతకాల ఘట్టం. హోస్ట్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎండార్స్‌మెంట్ కాగితం, సంస్థ తరఫున సంతకం, సీలుతో స్కాన్ చేసి పెట్టాలి. ఇది మూడు రోజుల్లో అయిపోతుందని నాకెవరు చెప్పారో నాకే తెలియదు. గడువుకు మూడు రోజుల ముందు మేడమ్‌ను అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, నవ్వే ఎమోజీ ఒకటి పంపారు, అదింకా భయపెట్టింది. కాగితం చివరి రోజు సాయంత్రం 4 గంటలకు వచ్చింది, పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తుంటే ఫైల్ సైజు ఎక్కువైందని తిప్పికొట్టింది, హాస్టల్ రూమ్మేట్ ఫోన్లో కంప్రెస్ చేసి ఇచ్చాడు. ఆ టెన్షన్ మీకెందుకు, నెల ముందే అడగండి.

సెలెక్ట్ అయ్యాను. సంతోషం సరే, ఇక్కడో మెలిక. థీసిస్ సబ్మిట్ చేసినవాళ్లు కూడా అప్లై చేయొచ్చు కానీ డిగ్రీ చేతికొచ్చేదాకా ఫెలోషిప్ అప్పట్లో నెలకు 35,000 మాత్రమే. మా యూనివర్సిటీలో నా వైవా ఇవాళ రేపు అంటూ నెలల తరబడి జరిగింది, పరీక్షకుల్లో ఒకరి రిపోర్టు ఎక్కడో ఒక టేబుల్ మీద ఆగిపోయింది. ఫోన్ చేస్తే "ఫైల్ మూవ్‌మెంట్‌లో ఉంది" అనేవాళ్లు. నెలకు ఇరవై వేలు చొప్పున నేను పోగొట్టుకున్న ఆ మూవ్‌మెంట్ మీద నాకు ఇప్పటికీ కసి ఉంది. థీసిస్ సబ్మిట్ చేసి ఊరుకోకండి, వైవా అయ్యేదాకా వారానికి ఒకసారి వెళ్లి ముఖం చూపించండి. అలాగే ఎక్కడ చేరినా మొదటి మూడు నెలల ఖర్చు దగ్గర పెట్టుకుని బయల్దేరండి. నాకు అక్క ఇచ్చింది.

2022 మొదట్లో తెల్లవారుజామున నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఢిల్లీలో దిగాను. చలికి తట్టుకునే బట్టలు లేవు, అమ్మ పెట్టిన రెండు కిలోల కారప్పొడి ఉంది. పటేల్ నగర్‌లో మేడ మీద ఒక గది, అక్కడి నుంచి ల్యాబ్ దగ్గరే. ఆదివారాలు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ క్యూలో నిలబడితే చుట్టూ సివిల్స్‌కు చదివే మన పిల్లలే. నేను శాస్త్రవేత్తనని చెబితే ఇస్రోనా అని అడిగేవాళ్లు, కాదంటే ఆసక్తి పోయేది. ఎన్నికల్లో వేలికి పూసే సిరా ఫార్ములా మా ల్యాబ్‌దే, మైసూరులో తయారు చేస్తారు అని చెప్పడం తర్వాత నేర్చుకున్నాను. దానికి మాత్రం అందరూ తలెత్తి చూస్తారు. మా నానమ్మ కూడా, చాలాకాలం ఆ సిరా నేనే చేస్తున్నాననుకుంది.

చేరిన రెండో వారంలో గ్రూపు ముందు నా పీహెచ్‌డీ పని చెప్పమన్నారు. నలభై స్లైడ్లు. ఎర్ర అక్షరాల్లో 1.42 అని ఉన్న స్లైడ్ దగ్గర, ఇంకాసేపట్లో చప్పట్లు అనుకుంటూ ఆగాను. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి "ప్లస్ ఆర్ మైనస్?" అన్నారు. అర్థం కాలేదు. "1.42, ప్లస్ ఆర్ మైనస్ ఎంత?" అన్నారు మళ్లీ. పరికరం కంపెనీ బ్రోచర్లో ఉన్న 5 శాతం గుర్తొచ్చి అదే చెప్పాను. "దేనికి 5 శాతం? ఆ థర్మోకపుల్ ఆఖరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేయించారు?" థర్మోకపుల్ అంటే ఉష్ణోగ్రత కొలిచే రెండు లోహపు తీగల జత, కాలిబ్రేట్ అంటే దాన్ని ప్రమాణంతో సరిచూడటం. ఐదేళ్లలో ఒక్కసారి కూడా చేయించలేదు. చేయించాలని నాకు తెలియదు. హాల్లో ఎవరూ నవ్వలేదు, నవ్వి ఉంటే నయం.

ఆ రాత్రి గదిలో కూర్చుని లెక్క వేశాను, ఇది మీరు మీ డేటాతో కూడా చేసి చూడండి. సీబెక్‌కు 5 శాతం అనుకుందాం, జెడ్‌టీలో అది వర్గంగా వస్తుంది కాబట్టి 10. విద్యుత్ వాహకతకు 4. ఉష్ణ వాహకతను మూడు కొలతలు గుణించి తీస్తాం, అందులో వేడి ఎంత త్వరగా పాకుతుందో చెప్పే డిఫ్యూజివిటీకి 3, స్పెసిఫిక్ హీట్‌కు 6, సాంద్రతకు 1. వీటన్నిటినీ వర్గాలు చేసి కూడి మూలం తీస్తే దాదాపు 12.7 శాతం. అంటే 1.42కు అటూ ఇటూ 0.18. కొలతల వాళ్లు మామూలుగా చెప్పే 95 శాతం నమ్మకానికి దాన్ని రెట్టింపు చేయాలి, 0.36. నా ఐదేళ్ల ఎర్ర అక్షరాల అంకె 1.06 నుంచి 1.78 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నా ముందు బ్యాచ్ అన్న చేసిన నమూనా 1.3. నాది ఆయన దాని కంటే మెరుగని చెప్పడానికి రెండు పేపర్లు రాశాను.

పక్క విభాగంలో శ్రీకాకుళం ఆయన ఒక టెక్నికల్ ఆఫీసర్ ఉండేవారు, రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు, నన్ను మొదటి రోజు నుంచీ తమ్ముడూ అనేవారు. వయసుకు బాబాయ్ అనాలి, ఆయన ఒప్పుకోలేదు. మా నాన్న కాటా రాళ్ల గొలుసు వివరించింది ఆయనే. ఊళ్లో ఇన్‌స్పెక్టర్ దగ్గరుండే ప్రమాణపు రాళ్లను పైస్థాయి రాళ్లతో సరిచూస్తారు, వాటిని ఇంకా పై వాటితో, అలా బెంగళూరు లాంటి చోట్ల ఉన్న రీజినల్ రిఫరెన్స్ స్టాండర్డ్స్ ల్యాబుల మీదుగా ఎక్కుతూ పోతే ఎన్‌పీఎల్ వస్తుంది. 2019 మే 20 నుంచి కిలో అంటే పారిస్ దగ్గరున్న అసలు బిళ్ల బరువు కాదు, ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. "మీ నాన్న అమ్మే కందిపప్పు కిలోలో క్వాంటం మెకానిక్స్ ఉంది తమ్ముడూ" అనేవారు. అది నాన్నకు చెప్పాను. "పప్పు రేటు పెరిగింది అందుకేనా" అన్నాడు.

పని మొదలుపెట్టాక ఎనిమిది నెలలు ఒక్క గ్రాఫు కూడా లేదు. నిస్ట్ నమూనా తెప్పించడానికి ఇండెంట్ (కొనమని కోరే కాగితం) రాశాను, అప్పట్లో ప్రభుత్వ ల్యాబులో ఏది కొనాలన్నా ముందు జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో ఉందో లేదో చూసి, లేదని రిపోర్టు జత చేయాల్సి వచ్చేది, ఆ వస్తువే ఎందుకు కావాలో రాయాల్సి వచ్చేది. నేను నంబరు మాత్రం రాసి, వేరేది ఎందుకు పనికిరాదో రాయలేదు, ఫైల్ వెనక్కొచ్చింది. రెండోసారి కొటేషన్ గడువు దాటిపోయింది, మళ్లీ వెనక్కి. రెండూ నా తప్పులే, కొనుగోళ్ల సెక్షన్‌లోని అబ్బాయి చివరికి జాలిపడి పక్కన కూర్చోబెట్టుకుని రాయించాడు. గ్రాంటులో పెద్ద ముక్క దానికే పోయింది.

నమూనా వచ్చాక అసలు కథ. ఉదయం కొలిస్తే సర్టిఫికెట్‌లో ఉన్న విలువకు దగ్గరగా వచ్చేది, మధ్యాహ్నం మూడు దాటాక ఒకటిన్నర రెండు శాతం పక్కకు జరిగేది, రాత్రి ఏడుకు మళ్లీ మామూలు. మూడు వారాలు ఇదే. సాఫ్ట్‌వేర్ అనుకున్నాను, వాక్యూమ్ అనుకున్నాను, థర్మోకపుల్ మార్చాను. ఉష్ణోగ్రత తేడాను మార్చుతూ గ్రాఫులో వోల్టేజీ వాలు (స్లోప్) తీస్తాం కాబట్టి స్థిరంగా ఉండే ఆఫ్‌సెట్, అంటే బయటి నుంచి కలిసే వోల్టేజీ, ఏదైనా ఉంటే దానంతట అదే పోతుంది, అందుకే వైర్ల మీద నాకు అనుమానం రాలేదు. ఒక రోజు మూడున్నరకు ఖాళీగా కూర్చుని చూస్తుంటే పడమటి కిటికీ కర్టెన్ సందులోంచి వేలెడు వెడల్పు ఎండ నానోవోల్ట్‌మీటర్ వెనక వైర్లు బిగించే టెర్మినల్ బ్లాక్ మీద పడుతోంది. రాగి వైరు చివర కొంచెం నల్లబడి ఉంది, ఆ నల్లబడిన అతుకు కూడా ఒక చిన్న థర్మోకపులే, వేడెక్కుతున్న కొద్దీ తన సొంత వోల్టేజీ కలుపుతోంది. మారుతూ ఉండే ఆఫ్‌సెట్ వాలులోంచి పోదు. వైరు చివరలు గీకి, కొత్తగా బిగించి, కొత్త ఏసీ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మకోల్ కోసి డబ్బా చేసి ఆ బ్లాక్ మీద బోర్లించాను. మర్నాడు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకటే విలువ. పీహెచ్‌డీలో 1.42 వచ్చినప్పుడు కూడా నాకు అంత ఆనందం లేదు. మేడమ్‌కు చూపిస్తే "దీన్ని అనిశ్చితి పట్టికలో రాయి" అన్నారు, అంతే. రాశాను, కొలత తప్పడానికి ఉన్న కారణాలన్నీ రాసుకునే ఆ పద్నాలుగు వరుసల పట్టికలో అది తొమ్మిదో వరుస.

ఇది బోరా అంటే, అవును, చాలా రోజులు బోరే. పేపర్లు తక్కువ వస్తాయి, ఆ పేపర్లలో రికార్డులుండవు, బంధువులకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రెండేళ్లలో నావి రెండు పేపర్లు, ఒకటి పూర్తిగా ఆ పద్నాలుగు వరుసల గురించే.

ఇంకో మాట, ఇది ఎవరూ ముందు చెప్పరు. ప్రభుత్వ ల్యాబులో పోస్ట్‌డాక్ చేస్తే అక్కడే సైంటిస్ట్ అయిపోతామనుకోకండి. ఆ పోస్టుల నోటిఫికేషన్ వేరు, పోటీ వేరు, సీఎస్ఐఆర్‌లో మొదటి స్థాయి సైంటిస్ట్‌కు వయసు సాధారణంగా 32, ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. 35 దాకా పోస్ట్‌డాక్ ఇచ్చి 32కు తలుపు మూసే లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు. పీహెచ్‌డీ ఆలస్యమైన మనలాంటి వాళ్లు చేరే ముందే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. నేను ఒక ఇంటర్వ్యూ దాకా వెళ్లాను, రాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలిబ్రేషన్ ల్యాబులో ఉన్నాను, ఫార్మా కంపెనీల ఉష్ణోగ్రత సెన్సర్లు చూస్తాం. ఇంటర్వ్యూలో వాళ్లు నా జెడ్‌టీ అడగలేదు, అనిశ్చితి పట్టిక బోర్డు మీద వేయమన్నారు.

ఎన్‌పీఎల్ నుంచి వచ్చేముందు బకాయిలేం లేవనే నో డ్యూస్ కాగితం పట్టుకుని సంతకాల కోసం తిరిగి, లైబ్రరీ పుస్తకం ఒకటి పటేల్ నగర్ గదిలో మంచం కింద దొరికి, అన్నీ తెమిలి వచ్చేశాను. మొన్న మేడమ్ ఫోన్ చేశారు. కొత్తగా చేరిన బీహార్ అబ్బాయి ఆ థర్మకోల్ డబ్బా పడేయబోతుంటే ఆపారట, దాని మీద స్కెచ్ పెన్నుతో ఏదో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది, ఏమిటది, ఏదైనా కాలిబ్రేషన్ తేదీనా అని అడిగారు. "మూత తీస్తే చంపేస్తా" అని రాసి ఉంది మేడమ్ అని చెప్పలేక, అవును మేడమ్, జాగ్రత్తగా వాడమని రాశాను అన్నాను.